ఆరో వరస

"కళకు కులం ఉండదమ్మా" అన్నడు ఆ సారు.

ఎండకాలం సెలవుల్లో సోషల్ టీచర్లకు పెట్టిన శిక్షణా తరగతులవి. అరవై మందిమి ఒక హాల్లో కూసున్నం. గోడ మీద ఒకదాని వెంట ఒకటి బొమ్మలు పడుతున్నయి. ఏథెన్స్ గుడి, రోము కట్టడం, ఆక్స్‌ఫర్డ్, అమెరికా యూనివర్సిటీలు రెండు మూడు, ఆఖర్న మన కోఠి ఉమెన్స్ కాలేజీ. అన్నిటి ముందట ఒకే తీరు స్తంభాలు. డోరిక్, అయోనిక్, కొరింథియన్ అని ఆ సారు పేర్లు చెప్పుకుంట పోయిండు. వీటిని క్లాసికల్ ఆర్డర్లు అంటరని, చదువు ఎక్కడ పెద్దదైతే అక్కడ ఈ స్తంభాలు లేచినయని, ఇవి నాగరికతకు గుర్తులని, పిల్లలకు వీటిని చూపించి సౌందర్య దృష్టి నేర్పాలని చెప్పిండు.

నేను లేచి అడిగిన. "సార్, అవి కట్టినోళ్లెవరు?"

"కోఠిది శామ్యూల్ రస్సెల్. వర్జీనియాది జెఫర్సన్. నోట్స్‌లో ఇచ్చాం కదమ్మా."

"వాళ్లు గీసినోళ్లు సార్. మోసినోళ్లెవరు?"

హాల్లో కొందరు నవ్విండ్రు. అప్పుడు అన్నడాయన ఆ మాట. కళకు కులం ఉండదు, అన్నిటికీ కులం తెస్తే ఇక చదువు చెప్పలేం, టీ తాగి వచ్చి మాట్లాడుకుందాం అన్నడు. టీ తాగినం. మళ్లీ కూసున్నం. ఆయన మొఘల్ తోటల గురించి మొదలుపెట్టిండు. నా ప్రశ్న ఆ టీ గ్లాసుల్లోనే మిగిలిపోయింది. ఆ జవాబు నేనే రాసుకుంటున్న.

మాది పాలమూరు. మాదిగ వాడ. మా అవ్వకు, నాయినకు అక్షరం రాదు. వానలు పడితే ఊర్లె ఉంటుంటిమి. పడకుంటే గుంపు మేస్త్రీ వెంట పోతుంటిమి. పాలమూరు లేబర్ అంటే దేశమంతా ఎరుకే. డ్యాములకు, కాలువలకు, రోడ్లకు, బిల్డింగులకు మా జిల్లా మనుషులు పోని తావు లేదు. మేస్త్రీ ముందుగాల అడ్వాన్సు ఇస్తడు. ఆ అడ్వాన్సు తెగేదాక వాడు ఎక్కడ దింపితే అక్కడ పని, వాడు చూపిన జాగల గుడిసె.

నాకు పదేండ్లప్పుడు ఒక ఇంజనీరింగు కాలేజీ పనికి పోయినం. దాని పేరు ఇక్కడ అక్కర లేదు. ఆ రోజుల్లో అసొంటి కాలేజీలు వానకు పుట్టగొడుగులు లేచినట్టు లేస్తుండె. దాని ముందట ఎనిమిది స్తంభాలు. ఇనుప రాడ్లు కట్టి, రేకు డబ్బాలు బిగించి, కాంక్రీటు పోసేటోళ్లు. కింద మిల్లరు తిరుగుతుంటే ఆడోళ్లు వరసగ నిలబడి తట్ట మీద తట్ట పైకి అందించేటోళ్లు. మా అవ్వ ఆ వరసల నాలుగో మనిషి. నెత్తి మీద పాత చీర పేగును గుండ్రంగ చుట్టి సుట్టబట్ట పెట్టుకునేది. దాని మీద తట్ట. పొద్దటి సంది పొద్దుగూకేదాక. మగోళ్లకు ఒక కూలి, ఆడోళ్లకు దానికన్న తక్కువ కూలి. నేను పక్కన ఇసుక కుప్ప మీద చెల్లెను ఆడించుకుంట కూసునేదాన్ని.

పని అయిపోయినంక స్తంభాల నెత్తిన ఆకుల అచ్చులు అతికించిండ్రు. తెల్ల రంగు వేసిండ్రు. ప్రారంభోత్సవానికి పెద్దలు వస్తున్నరని ముందు రోజు రాత్రికి రాత్రి మా గుడిసెలు పీకేయించిండ్రు. మురికి కనపడొద్దట. మేము మూటలు నెత్తిన పెట్టుకొని వెనక గేటు నుంచి పోయినం. ముందు గేటు నుంచి పోతమంటే వాచ్‌మన్ కట్టె చూపిచ్చిండు. ఆ వాచ్‌మన్ గూడ మా అసొంటోడే. నాకు అప్పుడు కోపం వాని మీదనే వచ్చింది. ఇప్పుడు వాని మీద లేదు.

తర్వాత నన్ను సంక్షేమ హాస్టల్లో వేసిండ్రు. 2006లో కోఠి ఉమెన్స్ కాలేజీలో బి.ఏ.లో చేరిన. మా ఇంట్ల డిగ్రీ మొఖం చూసిన మొదటిదాన్ని నేనే. ఆ పాత రెసిడెన్సీ భవనం ముందట మొదటిరోజు నిలబడితే నా మెడ వెనక్కి వంగింది. ఆరు స్తంభాలు. మెట్లకు రెండు పక్కల రాతి సింహాలు. పెచ్చులు ఊడి, రంగు పోయి ఉన్నా ఆ ఎత్తు మనిషిని చిన్నగ చేస్తది. చిన్నగ చేయడానికే కట్టిండ్రు దాన్ని.

ఒకసారి మా అవ్వ నన్ను చూడనీకి వచ్చింది. రొట్టెలు, పచ్చడి మూట కట్టుకొచ్చింది. ఆ భవనం ముందు నిలబడి పైకి చూసింది. అందరు చూసినట్టు చూడలేదు. పనిమనిషి చూసినట్టు చూసింది. "దీనికి కర్రలు ఎట్ల కట్టిండ్రో" అన్నది. "పైదాక ఎట్ల మోసిండ్రో" అన్నది. తర్వాత అడిగింది.

"స్తంభం నెత్తిన గది ఏంది బిడ్డా?"

"బుట్ట అవ్వా. బుట్ట చుట్టు ఆకులు."

"బుట్టనా? ఇన్నేండ్ల సంది ఎవ్వరు దించలేదా దాన్ని?"

నేను నవ్విన. అవ్వ నవ్వలేదు. ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. ఏడేండ్లు పట్టింది.

ఈ స్తంభాల శాస్త్రం మొత్తం ఒక రోమన్ రాసిన పుస్తకం మీద నిలబడి ఉన్నది. ఆయన పేరు విట్రూవియస్. క్రీస్తుకు ముందు మొదటి శతాబ్దపు మనిషి. డోరిక్ స్తంభం మగమనిషి కొలత అంటడు. మగమనిషి పాదం ఎంత పొడుగో దానికి ఆరింతలు మనిషి ఎత్తు, కాబట్టి స్తంభం మందానికి ఆరింతలు స్తంభం ఎత్తు. అయోనిక్ స్తంభం ఆడమనిషి కొలత. మందానికి ఎనిమిదింతల ఎత్తు. దాని నెత్తి మీది చుట్టలు ఆడోళ్ల ముంగురులట, ఒంటి మీది నిలువు గీతలు చీర కుచ్చిళ్ల లెక్కనట. కొరింథియన్ కన్నెపిల్ల సన్నదనమట.

సరే. ఏ మగమనిషి? ఏ ఆడమనిషి? మెడ నిటారుగ ఉన్న మనిషి. బరువు మోయని మనిషి. పదేండ్లు తట్ట మోసిన మా అవ్వ మెడ ఎముకలు అరిగిపోయినయి. డాక్టరు ఎక్సరే చూసి మెడకు పట్టీ రాసిచ్చిండు. ఆ మెడ ఏ ఆర్డర్ కొలతకూ రాదు. కానీ స్తంభం చేసే పని మోయడమే గద! మోసే పనికి గుర్తు స్తంభం, ఆ స్తంభానికి కొలత మాత్రం మోయని మనిషి ఒళ్లు. ఇదీ సౌందర్యశాస్త్రం. డోరిక్ స్తంభం నెత్తిన మెత్త లెక్క ఒక ఉబ్బు ఉంటది, దాని మీద పలక ఉంటది. పెద్ద పుస్తకాల్లో దానికి పెద్ద పేర్లున్నయి. మా వాడల ఏ ఆడమనిషికి చూపించినా ఒకటే మాట చెప్తది. సుట్టబట్ట.

కొరింథియన్ పుట్టుక కథ గూడ విట్రూవియసే చెప్పిండు. కొరింథు ఊర్లె ఒక పిల్ల జబ్బు చేసి చచ్చిపోయింది. ఆమెను పెంచిన దాది, ఆ పిల్లకు ఇష్టమైన చిన్న చిన్న సామాన్లు ఒక బుట్టల పెట్టి సమాధి మీద పెట్టింది. ఎండకు వానకు పాడు కాకుండ బుట్ట మీద ఒక పెంకు కప్పింది. ఆ బుట్ట ఒక చెట్టు వేరు మీద ఉండె. వసంతం వచ్చేసరికి ఆకులు బుట్ట చుట్టు పెరిగి, పెంకు తగిలి మూలల్లో వంగినయి. కల్లిమాకస్ అనే శిల్పి ఆ తొవ్వల పోతూ చూసి, దాన్ని రాయిలో చెక్కిండు. శిల్పి పేరు రెండు వేల ఏండ్లుగా పుస్తకాల్లో ఉన్నది. దాది పేరు లేదు. బుట్ట అల్లినోళ్ల పేరు లేదు. పెంకు కాల్చినోళ్ల పేరు లేదు. ఏడ్చింది దాది, పెట్టింది దాది, కప్పింది దాది. కళాకారుడు మాత్రం తొవ్వల పోయినోడు.

ఇంకో కథ ఇంతకన్న సూటిగ ఉంటది. ఆడమనిషి బొమ్మనే స్తంభంగ నిలబెట్టి ఆమె నెత్తిన కప్పు మోపుతరు. కారియాటిడ్ అంటరు. కారియా అనే ఊరు శత్రువులతో కలిసిందని గ్రీకులు ఆ ఊరి మగోళ్లను చంపి, ఆడోళ్లను బానిసలుగ పట్టుకొచ్చిండ్రని, వాళ్ల బానిసతనం ఎప్పటికీ కనపడాలని శిల్పులు వాళ్ల బొమ్మలను బరువు మోసేటట్టు చెక్కిండ్రని విట్రూవియస్ రాసిండు. ఇది చరిత్రలో జరిగిందా లేదా అని పండితులు కొట్లాడుకుంటరు. కొట్లాడుకోనీయండి. ఆ శాస్త్రం రాసినోడు, భవనం కట్టేటోనికి ఈ కథ తెలిసి ఉండాలని తన పుస్తకం మొదట్లోనే చెప్పిండు. అంటే అందం వెనక బానిసతనం ఉన్నదని దాచలేదు. పాఠంగ చెప్పిండు. దాచింది తర్వాతి వాళ్లు. దాచింది టీ తాగి మాట్లాడుకుందాం అన్నోళ్లు.

ఇక "ఆర్డర్" అనే మాట. ఆర్డర్ అంటే వరస, క్రమం. ఆజ్ఞ అని గూడ అర్థం ఉన్నది. 16వ శతాబ్దంలో ఇటలీలో సెర్లియో 1537లో, విన్యోలా 1562లో, పల్లాడియో 1570లో పుస్తకాలు అచ్చేసి ఈ స్తంభాలను అయిదు వరసలు చేసిండ్రు. టస్కన్, డోరిక్, అయోనిక్, కొరింథియన్, కంపోజిట్. టస్కన్ మొరటుది, మోటుది. పైకి పోయిన కొద్దీ సన్నగ, నాజూకుగ. అంతస్తుల మీద పెట్టాలంటే మోటుది కింద, నాజూకుది పైన. ఏది దేని మీద ఉండాలో, ఏది దేని కింద పడి ఉండాలో ముందే రాసి ఉన్నది. మనకు ఈ సంగతి ఎవరూ ఇంగ్లీషులో చెప్పనక్కర లేదు. పంక్తిలో ఎవరు ఎక్కడ కూసోవాలో, పంక్తి బయట ఎవరు నిలబడాలో పుట్టుకతోనే నేర్చుకున్నోళ్లం.

ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీలో బోడ్లియన్ లైబ్రరీ ఆవరణలో ఒక బురుజు ఉన్నది. 17వ శతాబ్దం మొదట్లో కట్టింది. దాని పేరే అయిదు ఆర్డర్ల బురుజు. అన్నిటి కింద టస్కన్, దాని మీద డోరిక్, తర్వాత అయోనిక్, కొరింథియన్, కంపోజిట్. స్తంభాల జతలు ఒకదాని నెత్తిన ఒకటి. పైన రాజు మొదటి జేమ్స్ బొమ్మ కూసొని ఉంటది, తన పుస్తకాలు యూనివర్సిటీకి ఇస్తున్నట్టు. చదువు గుడి ముందట ఇంతకన్న సాఫుగ ఎవరు చెప్తరు? జ్ఞానం రాజు చేతి నుంచి కిందికి దిగుతది, బరువు కింది నుంచి పైకి పోతది.

ఈ బురుజు బొమ్మ చూసినప్పుడల్లా నాకు బాబాసాహెబ్ యాదికొస్తడు. 1920 జనవరి 31న వచ్చిన మూక్‌నాయక్ మొదటి సంచికలో ఆయన హిందూ సమాజాన్ని అంతస్తుల బురుజుతో పోల్చిండు. ఒక్కో అంతస్తు ఒక్కో కులానిది. అంతస్తు నుంచి అంతస్తుకు మెట్లు లేవు. ఎక్కడ పుట్టినోడు అక్కడే చావాలె. ఆయన ఆక్స్‌ఫర్డ్ బురుజును మనసులో పెట్టుకొని రాసిండని నేను అనను. మన ఊర్లు చూసినోనికి ఆ బురుజు అక్కర లేదు.

ఇక్కడ ఒక రకం పెద్దమనుషులు లేస్తరు. "అవి పాశ్చాత్యుల స్తంభాలు, మనకు మన శాస్త్రం ఉన్నది" అంటరు. ఉన్నది, ఎందుకు లేదు? 1834లో రామ్ రాజ్ అనే ఆయన రాసిన పుస్తకం లండన్‌లో అచ్చయింది. మానసారం లాంటి గ్రంథాలు చదివి, గ్రీకులకు, రోమన్లకు ఆర్డర్లున్నట్టే మనకూ ఉన్నయని కొలతలతో చూపించిండు. తెల్లోని ముందట మనం తక్కువ కాదని చెప్పాలన్న తపన నాకు అర్థమైతది. కానీ ఆ శాస్త్రంలో ఏముందో గూడ చెప్పాలె గద. నాలుగు పలకల స్తంభం బ్రహ్మకాంతం. ఎనిమిది పలకలది విష్ణుకాంతం. పదహారు పలకలది రుద్రకాంతం. స్తంభం దగ్గర గూడ దేవుళ్లే. మయమతంలో భూమికి గూడ వర్ణం ఉన్నది. తెల్ల మట్టి బ్రాహ్మణునికి, ఎర్ర మట్టి క్షత్రియునికి, పసుపు మట్టి వైశ్యునికి, నల్ల మట్టి శూద్రునికి. చండాలుని గుడిసెలు ఊరికి దూరంగ ఉండాలె. మాకు ఏ రంగు మట్టీ లేదు. మేము మట్టి మోసేటోళ్లమే.

కాబట్టి గ్రీకు స్తంభమా, శాస్త్రపు స్తంభమా అని నన్ను అడగకుండ్రి. అది మీ ఇంటి లోపలి కొట్లాట. రెండు శాస్త్రాల కిందా నిలబడ్డ వరస ఒకటి ఉన్నది. అది అయిదింటి కింద ఆరోది. దాని గురించి చెప్పుండ్రి.

ఆ ఆరో వరసను చూడాలంటే అమెరికాలోని వర్జీనియా యూనివర్సిటీకి పోవాలె. నేను పోలేదు, పోయేంత జీతం నాకు లేదు. చదివిన. థామస్ జెఫర్సన్ దాన్ని గీసిండు. 1776లో మనుషులంతా సమానంగ పుట్టిండ్రని స్వాతంత్ర్య ప్రకటన రాసిన జెఫర్సనే. తన బతుకులో ఆరు వందల మందికి పైగా మనుషులను ఆస్తిగ ఉంచుకున్న జెఫర్సనే. 1817లో పునాదిరాయి పడ్డది, 1825లో తరగతులు మొదలైనయి.

నడుమ పొడుగాటి పచ్చిక. అటు అయిదు, ఇటు అయిదు, ప్రొఫెసర్లకు పది ఇండ్లు. ఏ రెండూ ఒక్క తీరు ఉండవు. ఒకటి డోరిక్, ఒకటి అయోనిక్, ఒకటి కొరింథియన్. శిల్పం గురించి పాఠం చెప్పేటోనికి నమూనాలుగ పనికి రావాలని జెఫర్సన్ అట్ల గీసిండు. ఇండ్ల నడుమ విద్యార్థుల గదులు, వాటి ముందట టస్కన్ స్తంభాల వరస. అన్నిటికన్న కింది ఆర్డర్ విద్యార్థికి, దాని పైవి ప్రొఫెసర్లకు, తలకాయ దగ్గర గుండ్రటి పెద్ద భవనం రోటుండా, అది లైబ్రరీ, దానికి కొరింథియన్. ఎంత ముచ్చటైన వరస!

ఆ ఇటుకలు చేసిందెవరు? మట్టి తొక్కి, అచ్చు పోసి, బట్టీల కాల్చిందెవరు? బానిసలు. పిల్లలు గూడ. చుట్టుపక్కల యజమానుల దగ్గర యూనివర్సిటీ వాళ్లను కిరాయికి తెచ్చుకున్నది. కిరాయి యజమానికి పోయింది, పని బానిస చేసిండు. ఇది చదివినప్పుడు నాకు గుంపు మేస్త్రీ, అడ్వాన్సు యాదికొచ్చినయి. రెండూ ఒకటే అని నేను అనను. మా నాయిన అమ్ముడుపోలేదు. ఆయన అడ్వాన్సు అమ్ముడుపోయింది. కానీ చేసినోనికి కాకుండ చేయించినోనికి లెక్క చేరే పద్ధతి మాత్రం నాకు కొత్త కాదు.

ఇంకో సంగతి. ఆ తెల్లటి స్తంభాలు రాయి కాదు. లోపల ఇటుక, పైన పూత. నెత్తిన ఆకులు చెక్కనీకి 1819లో ఇటలీ నుంచి శిల్పులను పిలిపించిండ్రు. అక్కడి రాయి చెక్కుడుకు పనికి రాలేదని ఇటలీలోని కరారా నుంచి పాలరాయి ఆకులు ఓడల మీద తెప్పించిండ్రు. ఇటలీ శిల్పుల పేర్లు పుస్తకాల్లో ఉన్నయి. లోపలి ఇటుక చేసినోళ్ల పేర్లు చాలా మటుకు లేవు. పైన పాలరాతి ఆకు, లోన నల్లోళ్ల ఇటుక, నడుమ తెల్ల పూత. ఏ కవీ ఇంత బాగ చెప్పలేడు ఆ దేశం సంగతి.

కట్టినంక గూడ వాళ్లు అక్కడే ఉన్నరు. ప్రొఫెసర్ల ఇండ్ల నేలమాళిగల్లో, వెనక తోటల గోడల చాటున ఉండి వంట చేసిండ్రు, బట్టలు ఉతికిండ్రు, నిప్పు రాజేసిండ్రు, గదులు ఊడ్చిండ్రు. పచ్చిక మీద నిలబడి చూసేటోనికి కనపడరు. 1817 నుంచి 1865 దాక దాదాపు 4,000 మంది అట్ల అక్కడ పనిచేసిండ్రని ఆ యూనివర్సిటీయే లెక్క కట్టింది. ఆ యూనివర్సిటీలో మొదటి నల్ల విద్యార్థి గ్రెగొరీ స్వాన్సన్ 1950లో అడుగు పెట్టిండు. అదీ కోర్టుకు పోతేనే. కట్టినోళ్ల మనుమలు లోపలికి రావడానికి నూటా ఇరవై అయిదేండ్లు.

కానీ నేను ఆ సారుకు చెప్పదలుచుకున్న అసలు మాట ఇది. 2020 నాటికి ఆ యూనివర్సిటీ బానిస కూలీల స్మారకం కట్టింది. విద్యార్థులు, ఆ కుటుంబాల వారసులు, ఊరి జనం ఏండ్ల తరబడి అడిగితేనే కట్టింది. రోటుండా కొలతకే, రాతి ఉంగరం లెక్క. లోపలి గోడ మీద 4,000 గీతలు. పేరు దొరికినోళ్లకు పేరు చెక్కిండ్రు. పేరు దొరకక పని మాత్రమే తెలిసిన దగ్గర పని చెక్కిండ్రు. ఏమీ దొరకనోళ్లకు గీత ఒక్కటే ఉన్నది, రాయికి తగిలిన గాయం లెక్క. దానితోటి అన్యాయం తీరిపోయిందని కాదు. కానీ అక్కడ మోసినోళ్లెవరు అని ఒక పిల్ల అడిగితే టీ తాగి మాట్లాడుకుందాం అనే వీలు ఇక లేదు. రాయి జవాబు చెప్తది.

ఇప్పుడు మన కోఠికి వద్దాం. ఆ ఆరు స్తంభాలు జ్ఞానానికి గుర్తులని సారు చెప్పిండు. అబద్ధం. అది చదువు కోసం కట్టింది కాదు. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీ సైన్యం కిందికి ఒప్పందంతో పోయిండు. ఆ కంపెనీ రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కోసం 19వ శతాబ్దం మొదట్లో లేచింది ఆ భవనం. ఖర్చు నిజాంది. నిజాం ఖజానా అంటే రైతు కట్టిన శిస్తు. అంటే పైసలు మనవి, చెమట మనది, స్తంభం వానిది. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనాన్ని వెంటేసుకొని దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదనే. వాళ్లకు అది కళగ కనపడలేదు. అధికారంగ కనపడ్డది. వాళ్ల కండ్లే సరైనవి.

ఆ ఇంట్లోకి ఆడపిల్లల కాలేజీ 1949లో వచ్చింది. అప్పుడు ఆ స్తంభాలకు మొదటిసారి కొంచెం మర్యాద వచ్చిందంట నేను. నా అసొంటి వందల మంది పిల్లలు వాటి నీడన అన్నం డబ్బాలు విప్పుకున్నరు. 2024లో ప్రభుత్వం ఆ మహిళా యూనివర్సిటీకి చాకలి ఐలమ్మ పేరు పెట్టింది. బట్టల మూట నెత్తిన మోసిన కులపు మనిషి, పాలకుర్తిలో తన భూమి కోసం విస్నూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన మనిషి. ఆ పేరు చూసి నేను ఏడ్చిన. ఏడుపు ఆగినంక ఒక అనుమానం వచ్చింది. గేటు మీద ఐలమ్మ, గోడ మీద కిర్క్‌పాట్రిక్ అయితే ఎట్ల? పేరు మాది, కథ వాళ్లదేనా? గైడు పిల్లలకు ఆ దొర ప్రేమ కథ చెప్తడు. రస్సెల్ ప్లాను సంగతి చెప్తడు. సున్నం గానుగ తిప్పినోళ్ల సంగతి, రాళ్లు ఎత్తినోళ్ల సంగతి నేను ఒక్కరి నోట గూడ వినలేదు.

నా తప్పు గూడ ఒప్పుకుంట. మూడేండ్ల కింద లోను తీసి ఊర్లె ఇల్లు కట్టిన. మేస్త్రీ వచ్చి, "మేడం, ముందట రెండు పువ్వు పిల్లర్లు పెడుదమా, లుక్ వస్తది" అన్నడు. పెట్టమన్న. వద్దనలేకపోయిన. ఊరు వాడను చూసే చూపుకు ఎదురుగ రెండు తెల్ల స్తంభాలు నిలబెట్టాలని నాకు ఉండె. మా వాడల ఇంకా నాలుగు ఇండ్ల ముందట అవి లేచినయి. వాటిని చూసి ఊరి దొరలు ఎక్కిరిస్తరు, "మాదిగోళ్లకు గ్రీకు పిల్లర్లు" అని. దొర గడీకి ఉంటే అది వారసత్వం, మా గుమ్మానికి ఉంటే అది ఎక్కిరింత. అందుకే స్తంభాలు కూలగొట్టమని నేను అనను. మేము మోయనిది ఏమన్న ఉంటే అది కూలగొట్టుకుందాం. అసొంటిది ఒక్కటి చూపించుండ్రి.

బాబాసాహెబ్ 1913 నుంచి 1916 దాక చదివిన కొలంబియా యూనివర్సిటీలో గూడ ఈ స్తంభాలే. అప్పటి లైబ్రరీ అయిన లో లైబ్రరీ ముందట పది అయోనిక్ స్తంభాలు, వెడల్పాటి మెట్లు. దాన్ని కట్టించిన మెకిమ్, మీడ్ అండ్ వైట్ కంపెనీయే, 1895లో కాలిపోయిన వర్జీనియా రోటుండాను మళ్లీ కట్టింది. అదే శాస్త్రం, అదే వరస. ఒక మహర్ పిల్లగాడు ఆ స్తంభాల నడుమ నుంచి లోపలికి పోయిండు, లోపలి పుస్తకాలన్నీ తోడుకున్నడు, 1916 మే 9న కులం ఎట్ల పుట్టిందో చెప్పే పత్రం చదివిండు. ఆయన స్తంభాలను చూసి తల వంచలేదు. వాటి నడుమ ఉన్న ఖాళీ చూసిండు. స్తంభాల వరసలో మనిషికి పనికొచ్చేది ఆ ఖాళీయే, మనం లోపలికి పోయే తొవ్వ అదే.

కానీ లోపలికి పోయినంక ఏమైతది? అది గూడ ఈ తెలుగు నేల మీదనే చూసినం. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అయిదుగురు దళిత విద్యార్థులను హాస్టలు నుంచి వెళ్లగొడితే, వాళ్లు పరుపులు, అంబేడ్కర్ ఫొటో పట్టుకొని బయటికి వచ్చి ఆరుబయట పడుకున్నరు. ఫ్లెక్సీలతోటి, మహనీయుల బొమ్మలతోటి ఒక గూడు నిలబెట్టి దానికి వెలివాడ అని పేరు పెట్టిండ్రు. జనవరి 17న వాళ్లలో ఒకడు రోహిత్ వేముల లేకుండ పోయిండు. ఆ వెలివాడకు స్తంభం లేదు. ఆర్డర్ లేదు. ఏ పల్లాడియో గీయలేదు. కానీ ఈ దేశంలో యూనివర్సిటీ అంటే ఏందో దానికన్న సాఫుగ చెప్పిన కట్టడం నేను చూడలేదు. సౌందర్య దృష్టి నేర్పాలన్నరు గద సారూ, పిల్లలకు ఆ బొమ్మ గూడ గోడ మీద వేయుండ్రి.

మాకు కావాల్సింది పెద్దగ ఏం లేదు. పాత భవనాలున్న ప్రతి క్యాంపస్‌లో మోసినోళ్ల గుర్తు ఉండాలె. పేరు దొరికితే పేరు, దొరకకుంటే గీత. ఖాతా పుస్తకాలు, దఫ్తరాలు తిరగేసి కూలీల లెక్కలు తీసే పని మన విద్యార్థులకు పరిశోధనగ ఇవ్వాలె. పాఠ్యపుస్తకంలో "కట్టించెను" అని ఉన్న ప్రతి దగ్గర "ఎవరి చేత?" అని అడగాలె. ఇది చదివే విద్యార్థులు, ఉద్యమకారులు రేపు మీ మీ క్యాంపస్‌లకు పోయి మొదటి స్తంభం దగ్గర ఆ ప్రశ్న అడగండి. ఎవరో నవ్వుతరు. నవ్వనీయండి.

నేను మా ఎనిమిదో తరగతి పిల్లలకు మూడు స్తంభాలూ బోర్డు మీద గీసి చెప్తున్న. డోరిక్, అయోనిక్, కొరింథియన్. పేర్లు రావాలె, పరీక్షలో రాయాలె, ఆ చదువు మాకు వదులుకునేది కాదు. తర్వాత నాలుగో బొమ్మ గీస్త. సుట్టబట్ట, దాని మీద తట్ట, కింద ఒక ఆడమనిషి. దాని పేరు ఏందని అడుగుత. పోయిన వారం ఒక పిల్ల లేచి, "మా అమ్మ టీచర్" అన్నది.

నేను ఆ జవాబుకు పూర్తి మార్కులు వేసిన. మా అవ్వ ఇప్పుడు మెడకు పట్టీ పెట్టుకొని అరుగు మీద, ఆ రెండు పువ్వు పిల్లర్ల నడుమ కూసుంటది. బుట్ట దించే పని ఇంకా మిగిలే ఉన్నది.